పెట్టెలో ఉన్నా అందని లైబ్రరీ: జర్మనీలో ప్రోగ్రామింగ్ భాషకూ తెరకూ నడుమ గీసిన గీతలు

కంప్యూటరులో ఒక ప్రోగ్రామింగ్ భాషను అమర్చుకొన్న తరువాత, లెక్కలూ అక్షరాలూ సంబంధించిన పనులన్నీ సజావుగా సాగి, తెర మీద ఒక కిటికీ తెరవమన్నప్పుడు మాత్రం ఫలానా లైబ్రరీ దొరకలేదన్న ఒక్క వాక్యంతో ఆ భాష ఆగిపోవడం ప్రోగ్రామర్లకు తరతరాలుగా పరిచితమైన లోపం. తెలుగునాట ఇంజనీరింగ్ కళాశాలల్లో టర్బో సీ నేర్చుకొన్నవారు దీనిని బీజీఐ ఎర్రర్ రూపంలో ఎరుగుదురు. గీత గీసే డ్రైవరు ఫైళ్లు టీసీ డైరెక్టరీ లోపలి బీజీఐ డైరెక్టరీలో భద్రంగానే ఉన్నా, ఆ దారిని ప్రోగ్రాములో రాసేటప్పుడు వెనుక గీతను రెండుసార్లు కాక ఒక్కసారే రాస్తే, సీ భాష దాని పక్కనున్న ‘టీ’ని ట్యాబ్‌గానూ ‘బీ’ని బ్యాక్‌స్పేస్‌గానూ చదువుకొని, లేని చోట వెతికి, దొరకలేదని చెప్పేది. ఫైలు లేకపోవడం వేరు, ఫైలు అందకపోవడం వేరు అన్న ఈ భేదమే ఈ లోపం చరిత్రకంతటికీ కీలకం. ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు అనేకం 1990లలో జర్మనీలోని కొన్ని పట్టణాల్లో జరిగాయి.

లైబ్రరీ అన్న మాట ఇక్కడ గ్రంథాలయాన్ని సూచించదు. అనేక ప్రోగ్రాములకు పదే పదే కావలసిన పనులను ముందుగానే రాసి, యంత్రభాషలోకి మార్చి, ఒక ఫైలులో కూర్చి పెట్టిన సరంజామాకు అది పేరు. తెరకు సంబంధించిన లైబ్రరీలు యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఒకటి కాదు, అంతస్తులుగా ఉంటాయి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1984లో మొదలై 1987లో పదకొండవ రూపానికి వచ్చిన ఎక్స్ విండో వ్యవస్థ అన్నింటికంటే అడుగున ఉండి, గీతలు గీయడం, మౌస్ కదలికను పట్టడం వంటి పనులు చూసుకొంటుంది. బటన్లు, మెనూలు, పక్కన జరిగే స్క్రోల్ పట్టీలు దానికి తెలియవు. వాటిని అందించే పై అంతస్తును టూల్‌కిట్ అంటారు. భాషకూ టూల్‌కిట్‌కూ నడుమ దుభాషిగా మరొక పొర ఉంటుంది, దాని పేరు బైండింగ్. పైథాన్ భాషలో ఈ మూడూ స్పష్టంగా కనబడతాయి: కాలిఫోర్నియాలో జాన్ ఔస్టర్‌హౌట్ తన టీసీఎల్ భాషకు తోడుగా తయారుచేసిన టీకే అన్నది టూల్‌కిట్, టీకింటర్ అన్నది బైండింగ్, అడుగున ఎక్స్. ఇందులో ఏ ఒక్క అంతస్తు లోపించినా కిటికీ తెరుచుకోదన్న ఫలితం వాడుకరికి ఒకటే కనుక, ఏ అంతస్తులో లోపమో తేల్చుకోవడమే మరమ్మతులో సగం పని.

ఎక్స్‌ను సామాన్యుల పీసీల మీదికి తెచ్చినవారిలో జర్మన్ ప్రోగ్రామర్ టోమాస్ రోయెల్ ముఖ్యుడు. ఆయన రాసిన ఎక్స్386 అన్న ఎక్స్ సర్వర్, అంటే తెరను నడిపే ప్రోగ్రాము, 1991లో ఎక్స్ అధికారిక విడుదలతో కలిసి వెలువడింది, మరుసటి ఏడాది మొదలైన ఎక్స్‌ఫ్రీ86 ప్రాజెక్టుకు అదే పునాది. అదే 1992 సెప్టెంబరులో హూబర్ట్ మాంటెల్, బుర్ఖార్ట్ స్టైన్‌బిల్ట్, టోమాస్ ఫేర్, రోలాండ్ డ్యురోఫ్ అనే నలుగురు కలిసి బవేరియాలో ఒక సంస్థను స్థాపించి, సాఫ్ట్‌వేర్, వ్యవస్థల అభివృద్ధి అన్న అర్థమిచ్చే జర్మన్ మాటల పొడి అక్షరాలతో దానికి ఎస్‌.యు.ఎస్‌.ఇ. అని పేరు పెట్టారు. ఇదే తరువాత సూసేగా ప్రసిద్ధమైంది. లినక్స్ అప్పటికి ఒక కెర్నల్, అంటే వ్యవస్థ కేంద్రభాగం, మాత్రమే కనుక, దానికి కంపైలరు, ఎడిటరు, ఎక్స్ వగైరాలు జతచేసి ఒక మూటగా కట్టి ఇచ్చేవారి అవసరం ఏర్పడింది. అటువంటి మూటకు డిస్ట్రిబ్యూషన్ అని పేరు. సూసే మొదట తన సొంత మూట కట్టలేదు. అమెరికాలో పాట్రిక్ వోల్కర్డింగ్ 1993 జులైలో విడుదల చేసిన స్లాక్‌వేర్‌ను జర్మన్ వాడుకరులకు అనువుగా మార్చి 1994లో అమ్మింది.

స్లాక్‌వేర్ మొదటి విడుదల 24 ఫ్లాపీ డిస్కుల మీద వచ్చింది. ఒక్కొక్క ఫ్లాపీ 1.44 మెగాబైట్లకు మించి పట్టదు గనుక, సరుకునంతా శ్రేణులుగా విడదీయక తప్పలేదు: ‘ఏ’ శ్రేణిలో వ్యవస్థ మూలం, ‘డీ’ శ్రేణిలో కంపైలర్లు, ‘ఎక్స్’ శ్రేణిలో తెర. కొద్దికాలానికి టీసీఎల్, టీకేలకు ప్రత్యేకంగా ఒక శ్రేణి, జీఎన్‌యూ స్మాల్‌టాక్ భాషకు మరొకటి చేరాయి. వాడుకరి తన వద్దనున్న చోటును బట్టి, ఫ్లాపీలను బట్టి తనకు కావలసిన శ్రేణులను ఎంచుకొనేవాడు. భాష ఒక డిస్కులో, దాని బొమ్మల సామగ్రి వేరొక డిస్కులో ఉండడం ఈ విధంగా మొదలైంది. అది సిద్ధాంతం వల్ల కాదు, అట్టముక్కంత ఫ్లాపీలో పట్టనందువల్ల. సీడీలు వచ్చి చోటుకు కొరత తీరిన తరువాత కూడా శ్రేణుల ఆచారం పోలేదు. ఫ్లోరియాన్ లా రోష్ రూపొందించిన యూరిక్స్ ఆధారంగా సూసే తన సొంత డిస్ట్రిబ్యూషన్‌ను 1996 మేలో 4.2 సంఖ్యతో విడుదల చేసినప్పుడు, యాస్ట్ అనే అమరిక సాధనంలో వాడుకరికి కనబడినవి ఆ పాత శ్రేణులే. ప్యాకేజీల పేర్లు కూడా డాస్ అలవాటును బట్టి ఎనిమిది అక్షరాలు దాటేవి కావు. ఎక్స్ ఆధారంగా ప్రోగ్రాములు రాయడానికి కావలసిన ఫైళ్లు ‘ఎక్స్‌డెవెల్’ అన్న ప్యాకేజీలో ఉండేవి. తెర చక్కగా పనిచేస్తున్నందువల్ల ఎక్స్ అంతా ఉన్నదనుకొన్న వాడుకరికి ఆ పేరుతో మరొకటి అవసరమన్న సంగతి, కంపైలరు మొరాయించేదాకా తెలిసేది కాదు.

ఎక్స్‌డెవెల్ వంటివి ఎందుకు వేరుగా ఉంటాయో కొంత వివరించాలి. యూనిక్స్‌లో ఒక లైబ్రరీకి రెండు పేర్లు ఉంటాయి. ప్రోగ్రాము నడిచేటప్పుడు వెతికేది సంఖ్యతో కూడిన పేరు, ఉదాహరణకు లిబ్‌ఎక్స్11.ఎస్ఓ.6. ప్రోగ్రామును తయారుచేసేటప్పుడు లింకరు, అంటే ముక్కలను కూర్చే సాధనం, వెతికేది సంఖ్య లేని పేరు, లిబ్‌ఎక్స్11.ఎస్ఓ. ఈ రెండవది స్వతంత్రమైన ఫైలు కాదు, మొదటిదాని వైపు చూపించే వేలు మాత్రమే. ఆ వేలును, దానితోపాటు లైబ్రరీలోని పేర్లను కంపైలరుకు తెలిపే హెడర్ ఫైళ్లనూ డెవెలప్‌మెంట్ ప్యాకేజీలో పెడతారు. జర్మనీకే చెందిన ఫ్లోరియాన్ క్లెంఫ్ల్ 1993లో మొదలుపెట్టిన ఫ్రీ పాస్కల్ కంపైలరు వాడుకరులకు ఇది బాగా అనుభవమైన చిక్కు. ఆ కంపైలరు మీద ఆధారపడిన లాజరస్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో కిటికీ గల ప్రోగ్రాము రాసి కంపైల్ చేస్తే, పాస్కల్ భాగమంతా తప్పులేకుండా ముగిసి, చిట్టచివర లింకరు ఎక్స్11 కనబడలేదని చెప్పి ఆగిపోతుంది. ఎదురుగా ఉన్న కిటికీని గీస్తున్నది ఆ ఎక్స్11 లైబ్రరీయే. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టున్న ఈ స్థితికి కారణం, ఆరవ సంఖ్య గల ఫైలు ఉండి, సంఖ్య లేని వేలు లేకపోవడం. పాస్కల్‌ను ఎన్నిసార్లు తిరిగి అమర్చినా ఇది తీరదు. చేయవలసిందల్లా డెవెలప్‌మెంట్ ప్యాకేజీని చేర్చడం.

పేర్లు సరిపోయినా పొత్తు కుదరని కాలాలు కూడా ఉన్నాయి. లినక్స్ తొలి రోజుల్లో ఏ.ఔట్ అన్న ఫైలు పద్ధతి ఉండేది, అందులో ఒక్కొక్క ఉమ్మడి లైబ్రరీకి మెమరీలో స్థిరమైన చిరునామాను ముందే కేటాయించవలసి వచ్చేది. భూమి పట్టాల దస్తరం వంటి ఈ ఏర్పాటును 1995 ప్రాంతంలో వచ్చిన ఈఎల్‌ఎఫ్ పద్ధతి తొలగించింది. అంతకంటే పెద్ద కుదుపు సీ భాష మూల లైబ్రరీ మార్పిడి. జర్మన్ ప్రోగ్రామర్ ఉల్రిష్ డ్రెపర్ ప్రధానంగా తీర్చిదిద్దిన జీలిబ్‌సీ రెండవ రూపం 1997లో రాగా, సూసే 1998 డిసెంబరు నాటి 6.0తో దానికి మారింది. పాత మూల లైబ్రరీతో తయారైన గ్రాఫికల్ లైబ్రరీనీ కొత్తదానితో తయారైన ప్రోగ్రామునూ ఒకే వరుసలో కూర్చోబెట్టడం కుదరదు కాబట్టి, ఎక్స్, టీకే మొదలైనవన్నీ రెండేసి ప్రతులుగా ఉంచుకొనవలసిన దశ ఒకటి నడిచింది. సీ++ భాషకు ఇటువంటిదే మరొక కుదుపు జీసీసీ కంపైలరు మూడవ తరంతో వచ్చింది: ఫంక్షన్ల పేర్లను యంత్రానికి అర్థమయ్యేలా మెలితిప్పే పద్ధతి మారినందువల్ల, 2002లో సూసే 8.1 జీసీసీ 3.2కు మారినప్పుడు, పాత కంపైలరుతో తయారైన క్యూటీ అనే టూల్‌కిట్ లైబ్రరీ డిస్కులో కళ్లెదుట ఉన్నా కొత్త ప్రోగ్రాములకు అందులోని ఒక్క పేరూ తెలియకుండా పోయింది.

క్యూటీ ప్రస్తావన ట్యూబింగెన్‌కు దారితీస్తుంది. నెకార్ నది ఒడ్డున 1477లో వెలసిన విశ్వవిద్యాలయం గల ఈ పట్టణంలోనే 1623లో విల్‌హెల్మ్ షికార్డ్ పండ్లచక్రాలతో లెక్కలు చేసే యంత్రాన్ని కట్టి ఆ విషయం ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌కు రాశాడు. అక్కడి కంప్యూటర్ శాస్త్ర సంస్థకు ఆయన పేరే పెట్టారు. ఆ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిష్ 1995లో లిక్స్ అనే పత్రరచనా సాధనాన్ని రాశాడు. అది తెరకోసం ఎక్స్‌ఫార్మ్స్ అన్న లైబ్రరీ మీద ఆధారపడింది. ఆ లైబ్రరీ ఉచితమే కాని, దాని మూల రచనను నిర్మాతలు అప్పట్లో బయటపెట్టక, సిద్ధం చేసిన ఫైలును మాత్రమే పంచేవారు. ఫలితంగా లిక్స్ స్వేచ్ఛగా దొరికినా, ఎక్స్‌ఫార్మ్స్ సరైన ప్రతి వేరుగా తెచ్చుకొనేదాకా అది నోరు తెరిచేది కాదు. గ్రాఫికల్ లైబ్రరీ లేక ఆగిపోయే ప్రోగ్రాము బాధను ఎట్రిష్ రచయితగానే అనుభవించాడన్నమాట.

1996 అక్టోబరు 14న ఆయన కేడీఈ అనే డెస్క్‌టాప్‌ను కలిసికట్టుగా నిర్మిద్దామని ప్రకటించాడు. అప్పటి లినక్స్ తెర మీద ఒక్కో ప్రోగ్రాము ఒక్కో టూల్‌కిట్‌తో రాసినది కావడం వల్ల ఏ రెండూ ఒకలా ప్రవర్తించేవి కావు. ఎక్స్‌తో వచ్చిన అథీనా టూల్‌కిట్‌లో స్క్రోల్ పట్టీ మీద ఎడమ బటన్ నొక్కితే పేజీ ముందుకు, కుడి బటన్ నొక్కితే వెనుకకు జరిగేది. పట్టీని పట్టుకొని లాగాలంటే మధ్య బటన్ వాడాలి. పక్క కిటికీలో మోటిఫ్ టూల్‌కిట్‌తో రాసిన ప్రోగ్రాములో ఇవేవీ చెల్లవు. ఈ అరాచకానికి మందుగా ఎట్రిష్ ఎంచుకొన్నది నార్వే రాజధాని ఓస్లోలోని ట్రోల్‌టెక్ సంస్థ 1995లో మొదటిసారి విడుదల చేసిన క్యూటీ. పిలుపునకు స్పందించినవారు 1997 వేసవి చివర అర్న్స్‌బెర్గ్‌లో సమావేశమయ్యారు, అదే ఏడాది ట్యూబింగెన్‌లో కేడీఈ సంఘం నమోదయింది, 1998 జులై 12న కేడీఈ 1.0 వెలువడింది.

కేడీఈది జీపీఎల్ లైసెన్సు, అంటే మూల రచనను ఎవరైనా మార్చి, అవే షరతులతో పంచుకోవచ్చునన్న నియమం గలది. క్యూటీ లైసెన్సు మాత్రం ఎక్స్ మీద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవారికి రుసుము లేకుండా వాడుకోనిచ్చినా, మార్చిన ప్రతిని పంచనిచ్చేది కాదు. ఈ రెండూ ఒకే ప్రోగ్రాములో కలవడం చట్టబద్ధం కాదని డెబియన్ డిస్ట్రిబ్యూషన్ 1998 అక్టోబరులో కేడీఈని తన భాండారం నుంచి తొలగించింది. సూసే తన సీడీల్లో ఉంచింది. ఈ వివాదాన్ని సాధారణంగా స్వేచ్ఛా సిద్ధాంతాల సంఘర్షణగా వర్ణిస్తారు, అది అబద్ధం కాదు. అయితే మామూలు వాడుకరి దృష్టిలో ఆ సిద్ధాంతం ఒకే ఒక్క రూపంలో ప్రత్యక్షమయ్యేది: క్యూటీ లైబ్రరీ దొరకలేదు అన్న వాక్యం. ఫ్లాపీ గీసిన గీత పక్కనే లైసెన్సు మరొక గీత గీసింది, రెండవదాన్ని ఏ అమరిక సాధనమూ చెరపలేకపోయింది. 2000 సెప్టెంబరులో ట్రోల్‌టెక్ క్యూటీని జీపీఎల్ కిందికి తెచ్చిన తరువాతనే డెబియన్ తలుపు తెరిచింది.

ఈ నడిమి కాలంలో కేడీఈని మూల రచన నుంచి కట్టుకొన్నవారికి మరమ్మతు విద్య చేతికి వచ్చింది. కేడీసపోర్ట్, కేడీలిబ్స్, కేడీబేస్ అన్న మూడు భాగాలను ఆ వరుసలోనే కంపైల్ చేయాలి, ప్రతిదానికీ ముందు కాన్ఫిగర్ అనే స్క్రిప్టు నడపాలి. అది యంత్రంలో ఏమి ఉన్నదో ఏమి లేదో ఒక్కొక్కటే అడిగి చూసుకొంటూ పోయే పరీక్ష. కేడీఈ కోసం ఈ పరీక్షలను రాసినవారిలో ముఖ్యుడు జర్మన్ ప్రోగ్రామర్ స్టెఫాన్ కూలో. ఎక్స్ లైబ్రరీలు కనబడలేదు, అమరికను సరిచూసి సరైన దారులు చేర్చుకోండి అన్న ఆ స్క్రిప్టు హెచ్చరిక ఒక తరం ప్రోగ్రామర్లకు కంఠతా వచ్చినది. ఆ వాక్యం మర్యాదగానే ఉన్నా, తరచు నిజం మాత్రం చెప్పదు. క్యూటీ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి స్క్రిప్టు నాలుగు పంక్తుల చిన్న ప్రోగ్రామును రాసి, దానిని కంపైల్ చేసి, క్యూటీతో లింకు చేసి చూస్తుంది. ఆ ప్రయత్నం ఏ కారణం చేత విఫలమైనా, దాని దృష్టిలో క్యూటీ లేనట్టే. సీ++ కంపైలరే లేకపోవచ్చు, క్యూటీకి తోడుగా కావలసిన జేపెగ్ లైబ్రరీ తప్పిపోయి ఉండవచ్చు, క్యూటీ డైరెక్టరీని సూచించే క్యూటీడిర్ అన్న పర్యావరణ చరరాశి పాత ప్రతి వైపు చూపుతూ ఉండవచ్చు. అసలు సంగతి తెర మీద ఉండదు, కాన్ఫిగ్.లాగ్ అన్న ఫైలులో ఉంటుంది. అందులో అడుగునుంచి పైకి చదువుకొంటూ పోతే, విఫలమైన ఆ చిన్న ప్రోగ్రామూ దాని పైన కంపైలరు పలికిన అసలు ఫిర్యాదూ కనబడతాయి. వేల పంక్తుల ఆ ఫైలును తెరవకుండా క్యూటీని నాలుగుసార్లు తీసి పెట్టినవారు లెక్కలేనంతమంది.

సిద్ధంగా కట్టి ఇచ్చిన ప్యాకేజీల విషయంలో చిక్కు మరోలా ఉంటుంది. ఆర్‌పీఎం అనే పద్ధతిలో ప్రతి ప్యాకేజీ తనకు ఏ లైబ్రరీలు కావాలో, తాను ఏవి ఇస్తుందో చీటీలో రాసుకొని వస్తుంది. ఒకదానికి మరొకటి, దానికి ఇంకొకటి కావలసి, చివరకు రెండు ప్యాకేజీలు ఒకే లైబ్రరీకి చెందిన పొసగని రెండు ప్రతులను కోరినప్పుడు ఏది ఉంచి ఏది తీయాలన్నది లెక్కల్లో అతి కఠినమైన వర్గానికి చెందిన సమస్య; ప్యాకేజీల సంఖ్య పెరిగే కొద్దీ దారులన్నీ వెతికి చూడడం యంత్రానికి కూడా అలవికాని పని. న్యూరెంబర్గ్‌లోని సూసేలో పనిచేసిన మిఖాయెల్ ష్రోయ్‌డర్ ఈ చీటీలన్నిటినీ అవును, కాదు అనే తార్కిక వాక్యాలుగా మార్చి, తర్కశాస్త్రంలో శాట్ అని పిలిచే సంతృప్తి సమస్యగా పరిష్కరించే విధానాన్ని రాశాడు. 2008 జూన్‌లో విడుదలైన సూసే వారి డిస్ట్రిబ్యూషన్ ఓపెన్‌సూసే 11.0లో అది వాడుకలోకి వచ్చింది. లిబ్‌సాల్వ్ అన్న పేరుతో స్వతంత్ర లైబ్రరీగా మారి, పోటీ డిస్ట్రిబ్యూషన్ అయిన ఫెడోరా కూడా స్వీకరించిన ఈ పనితనం, ఈ వ్యాసం చెప్పుకొన్న జర్మన్ కృషిలోకెల్లా నిశ్శబ్దమైనదీ, బహుశా ఎక్కువ కాలం నిలిచేదీ. లైబ్రరీ లేదన్న వాక్యాన్ని అది వాడుకరి కంటబడకముందే యంత్రం తనలో తాను తేల్చుకొనే ప్రశ్నగా మార్చింది.

అయినా ఆ వాక్యం అంతరించలేదు, ఎందుకంటే మూడవ గీతను ఈసారి కావాలనే గీశారు. సర్వర్లుగా పనిచేసే యంత్రాలకు సాధారణంగా తెర ఉండదు. తెర లేని యంత్రం మీద పైథాన్ అమర్చితే దానితో టీకే, టీకేతో ఎక్స్, ఎక్స్‌తో అక్షరరూపాల సామగ్రి దిగడం వృథా అని డిస్ట్రిబ్యూషన్ల నిర్వాహకులు టీకింటర్‌ను వేరు ప్యాకేజీగా విడదీశారు. పైథాన్ నిర్మాతల దృష్టిలో టీకింటర్ భాషతోపాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీలో భాగమే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, భాష ఇచ్చినదాన్ని మూట కట్టినవారు పట్టి ఉంచారు. లోపం ఏ అంతస్తులో ఉన్నదో పైథాన్ పలికే మాటను బట్టే చెప్పవచ్చు. టీకింటర్ అన్న పేరే తెలియదంటే ప్యాకేజీ మొత్తం రాలేదు. ముందు అడ్డగీత గల _టీకింటర్ తెలియదంటే పైథాన్‌లో రాసిన పై భాగం ఉండి, సీలో కంపైల్ చేసిన కింది భాగం లేదు. పైథాన్‌ను మూల రచన నుంచి కట్టినప్పుడు టీకే హెడర్లు కనబడకపోతే ఇలా జరుగుతుంది. ఆ కింది భాగాన్ని పిలిచే పంక్తి పక్కన, ఇది విఫలమైతే మీ పైథాన్‌ను టీకేతో కూర్చి ఉండకపోవచ్చునన్న అర్థంలో, పాత పైథాన్ రచయితలు ఒక వ్యాఖ్య కూడా రాసిపెట్టారు. ఇక లిబ్‌టీకే దొరకలేదంటే కింది భాగం ఉండి, అది పిలిచే టూల్‌కిట్ లేదు. ఎల్‌డీడీ అన్న ఆదేశాన్ని ఆ ఫైలు మీద నడిపితే అది కోరే లైబ్రరీలన్నీ వరుసగా వచ్చి, లేనిదాని ఎదుట లేదని ఉంటుంది. ఇవన్నీ దాటి డిస్‌ప్లే పేరు లేదన్న మాట వస్తే లైబ్రరీలన్నీ ఉన్నాయి, లేనిది తెర.

కంటెయినర్లు వచ్చిన తరువాత, అంటే ఒక ప్రోగ్రామును దానికి కావలసిన కనీస సామగ్రితో సహా డబ్బాలో పెట్టి ఎక్కడికైనా పంపే పద్ధతి వాడుకైన తరువాత, ఈ లోపం విచిత్రమైన చోట తల ఎత్తింది. ఫొటోలను విశ్లేషించే ఓపెన్‌సీవీ అన్న లైబ్రరీని పైథాన్‌లో పిలిస్తే, ఒక్క కిటికీ కూడా తెరవమని అడగకపోయినా, లిబ్‌జీఎల్.ఎస్ఓ.1 లేదని అది ఆగిపోతుంది. ఆ ఫైలు త్రిమితీయ చిత్రాలు గీసే లైబ్రరీ, తెర లేని డబ్బాలో దానిని ఎవరూ పెట్టి ఉండరు. దీనికి విరుగుడుగా నిర్మాతలు కిటికీల భాగాన్ని తీసివేసిన ప్రతిని హెడ్‌లెస్, అనగా తలలేనిది, అన్న పేరుతో వేరుగా విడుదల చేస్తున్నారు. ఓపెన్‌సూసేలో నేటికీ పైథాన్ ఒక ప్యాకేజీ, దాని టీకే మరొక ప్యాకేజీ.